పని చేస్తున్నారా అని అడిగిన వాచీ

మా తమ్ముణ్ణి యార్డులో అందరూ పైవాడు అంటారు. ఇరవై రెండేళ్ళుగా వాడు అక్కడ క్రేను నడుపుతున్నాడు. ఇనుప దూలాలు, పైపులు లారీలకెక్కించే యార్డు అది. నేలమీంచి నూట పన్నెండు మెట్లెక్కితే వాడి అద్దాల గది వస్తుంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం అన్నానికి దిగడం, మళ్ళీ ఎక్కితే సాయంత్రం దిగడం. కింద ఎవరైనా బరువు చూసి భయపడితే పక్కవాళ్ళు "పైవాడున్నాడు, చూసుకుంటాళ్ళే" అని నవ్వేవారు. వినీ విననట్టు ఉండేవాడు గానీ ఆ పేరంటే వాడికి లోలోపల మహా గర్వం.

నేను వాడికన్నా ఆరేళ్ళు పెద్ద. ఒకే ఇంట్లో కింద వాటాలో మేముంటాం, పై వాటాలో వాడూ మా మరదలూ. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే సన్న అక్షరాల కాగితాలు అచ్చువేసే ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దుతాను. ఆ కాగితాలు ఎవరూ చదవరు. నేను మాత్రం పందొమ్మిదేళ్ళుగా చదువుతున్నాను. "భోజనానికి ముందు" అన్నచోట "భోజనానికి మందు" అని పడినా, అది దాటి పోనివ్వను. అందుకే నాకు నోరెక్కువ అని పేరొచ్చింది. రానీ. తప్పు మాట కనబడితే ఒళ్ళు మండటం నా జబ్బు, జీతం కూడా దానికే ఇస్తున్నారు.

వాడి జబ్బు వేరే. అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. అడిగింది మనిషా, యంత్రమా అని కూడా చూడడు. ఓసారి ఫోను కంపెనీవాళ్ళ రికార్డు గొంతు "మా సేవలు ఎలా ఉన్నాయి?" అని అడిగితే, గదిలో సిగ్నలు ఎక్కడ అందుతుందో, ఎక్కడ అందదో పావుగంట వివరించాడు. "ఒరేయ్, అవతల ఎవరూ లేర్రా" అని నేనంటే, "అడిగారు కదక్కా" అన్నాడు. అదీ మనిషి.

ఈ ఏడు ఎండలు ముదిరాక ఒకరోజు సాయంత్రం క్రేను దిగుతూ, ఇంకో మూడు మెట్లున్నాయనగా కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఆ మూడు మెట్లే కాబట్టి మోచెయ్యి దోక్కుపోవడంతో సరిపోయింది. పెద్దాసుపత్రిలో ఒక రోజంతా ఒంటికి తీగలు తగిలించి చూశారు. ఏమీ దొరకలేదు. ఇంకేముంది, ఎక్కేస్తానన్నాడు. యార్డు తరఫు డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

"ఒక్కరోజులో దొరకలేదంటే లేనట్టు కాదండీ. మీ చేతికున్న వాచీ నాడి చూస్తుంది కదా, ముప్పై రోజులు పెట్టుకోండి. పనివేళల్లో మధ్యలో ఖాళీ ఉండకూడదు. అది చూశాకే సంతకం పెడతాను" అంది.

ఆ వాచీ పెళ్ళిరోజుకి మా మరదలు కొనిచ్చింది. అప్పటికి పదకొండు నెలలు. మేనేజరు కూడా తన మాట తను చెప్పాడు: "నెలాఖరుకి సంతకం తెస్తే సీటు నీదే. లేకపోతే కొత్త మనిషిని ఎక్కించక తప్పదు. లోడు ఆగదు కదా." అంతవరకూ వీణ్ణి స్టోరు షెడ్డులో కూర్చోబెట్టారు. గొలుసులకీ కొక్కేలకీ పట్టిన తుప్పు తీగ బ్రష్షుతో రుద్దే పని. ఇరవై రెండేళ్ళు పైనుంచి చూసిన కొక్కేలని ఒళ్ళో పెట్టుకుని రుద్దడం. ఇంటికొచ్చి కాలెండరులో ఒక గడి కొట్టేసి అన్నం తినేవాడు.

పదిహేడు గడులు బాగానే గడిచాయి. పద్దెనిమిదోరోజు పొద్దున వాచీ తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేరు వేసుకుని, ఏ భాష కావాలని అడిగింది. నేను అప్పుడు పైనే ఉన్నాను, మరదలిచ్చిన కాఫీ తాగుతూ. భాషల పట్టీలో తెలుగు కనబడింది. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో ఉన్న వాచీ. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇలా తే" అని వాడి చెయ్యి లాక్కుని తెలుగు నొక్కాను. గుర్తుపెట్టుకోండి, నొక్కింది నేనే.

ఆరోజు మధ్యాహ్నం రెండింటికి వాచీ చచ్చిపోయింది. అంతకుముందు రెండురోజులు వచ్చే ఛార్జింగు. మర్నాడూ రెండింటికే. మూడోరోజు రెండు కూడా కాలేదు. వెలుతురు తగ్గించాం. చెయ్యెత్తితే వెలిగేదాన్ని ఆపేశాం. ఆపగలిగినవన్నీ ఆపేశాం. అన్నంవేళ విప్పి ఛార్జింగు పెడితే ఆ గంటా ఖాళీయే, పెట్టినా నాలుగున్నర దాటలేదు. రిపేరు షాపాయన వాచీని తిప్పి చూసి, "బ్యాటరీ ముసలిదైపోయిందమ్మా" అన్నాడు. పదకొండు నెలలకే ముసలిదైతే మీ షాపుకి ఎన్నేళ్ళు అని అడిగాను. మరదలు నా చెయ్యి గిల్లింది.

"ఇంకో వాచీ కొందాం" అంది మరదలు.

"అప్పుడు మొదటిరోజునుంచి లెక్క మళ్ళీ మొదలెడతారు. నెలాఖరు దాటిపోతుంది" అన్నాడు వాడు. కాలెండరు దగ్గర నిలబడ్డాడు గానీ గడి కొట్టలేదు. సగం రోజుకి గడి కొట్టొచ్చో లేదో వాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఇరవయ్యైదోరోజు నాకు సెలవు. మధ్యాహ్నం కారియరు నేనే పట్టుకెళ్ళాను. షెడ్డులో వాడు చిన్న స్టూలుమీద కూర్చుని గొలుసు రుద్దుతున్నాడు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. వాచీ బుర్రుమంది. వాడు బ్రష్షు పక్కన పెట్టాడు, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు, వాచీ దగ్గరగా పెట్టుకుని చదివాడు, వేలితో శ్రద్ధగా ఒక్క నొక్కు నొక్కాడు. మళ్ళీ బ్రష్షు తీసుకున్నాడు.

"ఏంట్రా అది?"

"ఏముందక్కా, రోజూ అడుగుతుంది. పొద్దున్నే రుద్దడం మొదలెట్టగానే ఒకసారి, మధ్యలో లేచి నీళ్ళు తాగొస్తే ఇంకోసారి."

"ఏమని?"

"పని చేస్తున్నారా అని."

"నువ్వేం చెప్తున్నావు?"

"అవునని. చేస్తూనే ఉన్నా కదా."

వాచీ లాక్కుని చూశాను. "మీరు పని చేస్తున్నట్లు గుర్తించబడింది. నమోదు చేయాలా?" కింద రెండు గుండ్రాలు, అవును, కాదు. ఆ "గుర్తించబడింది" చూస్తేనే నాకు సగం కోపం వచ్చేసింది. మిగతా సగం అర్థమయ్యాక వచ్చింది. వర్కవుట్ చేస్తున్నారా అని వాచీ అడగబోయింది. అంటే వ్యాయామం. ఆ మాట తెలుగు చేసిన మహానుభావుడు వర్కు వరకే చూసి పని అని పెట్టేశాడు. చెయ్యి అలా ఊగుతుంటే మనిషి కసరత్తు చేస్తున్నాడనుకుని వాచీ అడుగుతోంది. వీడు అవునంటున్నాడు. ఇంకేముంది, అది లైట్లన్నీ వేసుకుని, నాడినీ, తిరిగిన దారినీ, చెమటనీ ఆరేసి గంటలు కొలుచుకుంటూ కూర్చుంటోంది. బ్యాటరీ ఉండమంటే ఎలా ఉంటుంది?

"ఇంగ్లీషులో ఉన్నప్పుడు అడగలేదా?"

"అడిగేది. అర్థంకానిదానికి అవునని ఎలా నొక్కుతాను? తోసేసేవాణ్ణి. తెలుగొచ్చాకే కదా తెలిసింది."

తెలుగు పెట్టింది ఎవరు? నేను. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దే దాన్ని, తమ్ముడి చేతిమీది రెండు వాక్యాలు ఎనిమిది రోజులు చదవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "కాదని నొక్కరా" అన్నాను.

"కాదని ఎలా నొక్కను? కూర్చుని జీతం తీసుకుంటున్నాననా?"

వ్యాయామం సంగతి వాడికి బోధపరచడానికి కారియరులో అన్నం చల్లారిపోయింది. మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఉండనీ అక్కా. ఏం అడుగుతోందో తెలుస్తోంది" అన్నాడు. ఆ రోజునుంచి కాదని నొక్కాడు. ముఖం ముడుచుకునే నొక్కాడు గానీ నొక్కాడు. వాచీ మళ్ళీ ఎప్పట్లా రెండేసి రోజులు నిలబడింది.

ముప్పైయొకటోరోజున ముగ్గురం డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. ఎనిమిది మధ్యాహ్నాలు ఎందుకు ఖాళీయో చెప్పడానికి నేను ఇంట్లోనే మాటలు కూర్చుకున్నాను. తప్పు నాది, వాడిది కాదు, మిగతా రోజులు చూసి సంతకం పెట్టండి అని బతిమాలదామనుకున్నాను. ఆవిడ వాచీలోని లెక్కలు కంప్యూటరులో తెరిచి చాలాసేపు చూసింది.

"ఈ ఎనిమిది రోజులూ ఏం చేశారండీ?"

"గొలుసులు రుద్దానండీ" అన్నాడు వాడు.

నేను అందుకుని మొత్తం చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కంప్యూటరు మావైపు తిప్పింది.

"మామూలుగా ఈ వాచీ పది నిమిషాలకోసారి నాడి చూస్తుంది. ఆ ఎనిమిది రోజుల పొద్దుటిపూటలూ క్షణం వదలకుండా చూసింది. ఇదిగో, ఇక్కడ. ఇక్కడ. ఇంకోటి ఇక్కడ." మూడుచోట్ల గీత పిచ్చిగా ఎగిరి, పడి, మళ్ళీ దారిలోకొచ్చింది. ఒక్కోటి నిమిషం కూడా లేదు. "పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపిద్దాం. మందుంది, భయపడకండి. కానీ మిగతా ఇరవై రెండు రోజుల లెక్కే నా చేతికొచ్చి ఉంటే, ఈపాటికి సంతకం పెట్టేసి ఉండేదాన్ని."

మా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు గీతవైపే చూస్తూ, "అయితే ఎక్కకూడదా అండీ?" అని అడిగాడు.

"ఎత్తుకి వద్దు. ఇక ఎప్పటికీ."

"పైన నేను కూర్చునే దిండుంది. నీళ్ళసీసా కూడా. ఒక్కసారి వెళ్ళి తెచ్చుకోవచ్చా?"

"ఎవరిచేతైనా తెప్పించుకోండి" అంది డాక్టరమ్మ, మెల్లగానే. వాచీ ఇక తనకి అక్కర్లేదనీ, పెట్టుకోవడం మానడం మీ ఇష్టమనీ చెప్పింది.

బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలా దూరం పోయాక, "నువ్వు తెలుగు పెట్టకపోయుంటే ఎక్కేసేవాణ్ణి అక్కా" అన్నాడు. అది నిష్ఠూరమో, కృతజ్ఞతో నాకు తెలియలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. అందుకే అడగలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వాడు జేబురుమాలు తీసిచ్చాడు.

ఐదువారాలు ఇంట్లో ఉన్నాడు. పెద్దాసుపత్రివాళ్ళు కూడా అదే జబ్బన్నారు, మాత్రలు రాశారు. ఊరుకునే మనిషా? గిన్నెలు తోమాడు, కిటికీ చువ్వలు రుద్దాడు, మా వాటా గుమ్మం కూడా రుద్దాడు. చెయ్యి ఊగినప్పుడల్లా వాచీ అడిగేది, పని చేస్తున్నారా అని. వాడు కాదని నొక్కేవాడు.

"వదినా, ఆ నొక్కేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోతున్నాను. విప్పెయ్యమంటే విప్పరు" అంది మరదలు ఒకరోజు నా దగ్గరికొచ్చి.

ఆ తర్వాతివారం మేనేజరు కబురుపెట్టాడు. కొత్తగా క్రేనెక్కిన అమ్మాయికి లారీ అవతల దిగే బరువు కనబడదట. కింద నిలబడి చేతులతో సైగలు చేసే మనిషి కావాలి. ఎత్తు, దించు, ఆపు, కాస్త ఎడమకి. పైనుంచి ఆ సైగలు ఎలా కనబడతాయో వీడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. "మెట్లు లేవుగా?" అని నేను అడిగాను. ఒక్కటి కూడా లేదన్నాడు.

మొదటిరోజు సాయంత్రం నేను గుమ్మంలోనే నిలబడ్డాను. బస్సు దిగి వచ్చాడు. ఎండ బాగా తగిలిందనుకుంటా, ముఖం కమిలిపోయి ఉంది. యార్డులో ఇంకా పైవాడనే పిలుస్తున్నారట. ఆ అమ్మాయి మాత్రం పైనుంచి మైకులో "బాబాయ్" అందట. చెప్తూ చెయ్యెత్తి చూపించాడు, ఎత్తమనే సైగ ఎలా చెయ్యాలో. అప్పుడు చూశాను, వాచీ నల్లగా ఉంది, నొక్కినా వెలగలేదు.

"ఎప్పుడాగిపోయిందిరా?"

"రెండింటికి" అన్నాడు, నావైపు చూడకుండా.

అంటే పొద్దున్నే అడిగి ఉంటుంది. వీడు అవునని నొక్కి ఉంటాడు. లోపలికెళ్ళి ఛార్జరు తెచ్చి వాడి చేతికిచ్చాను.