పురుగులింటి కాపలా

పోయిన నెల బెంగళూరు నుంచి ఒకాయన కారులో వచ్చి, మా అటక మీదున్న పాత చంద్రికలు ఇస్తారా అని అడిగాడు. పండిన పట్టుపురుగులు గూడు కట్టుకోవడానికి ఎక్కించే వెదురు చాపలవి. ఏదో హోటల్లో గోడలకు తగిలిస్తారట. భోజనానికి వచ్చినవాళ్ళు పురుగుల మంచాలు చూసి ఏం ఆనందిస్తారో నాకు అర్థం కాలేదు కానీ, దుమ్ము దులిపి నాలుగు ఇచ్చి పంపాను. ఆదివారం మనవరాలు ఫోన్ చేస్తే మాటల్లో ఈ సంగతి చెప్పాను. కాలేజీలో చదువుతున్న ఆ పిల్ల నవ్వి ఒక మాట అంది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ మాటేమిటో తెలియాలంటే పాత సంగతి కొంత చెప్పాలి.

బంగారు గనుల్లో నా పని, మనుషుల్ని కిందికి దించే కేజ్ దగ్గర. ఎక్కేవాళ్ళను లెక్కపెట్టడం, జేబుల్లో బీడీ, అగ్గిపెట్టె లేవని తడిమి చూడడం, తలుపు వేసి గంట కొట్టడం. ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాడికి ఏ గుమ్మం చూసినా ప్రమాదమే కనిపిస్తుంది. గనులు మూతపడ్డాక బేతమంగళం దగ్గర మా ఆవిడ పుట్టింటివాళ్ళిచ్చిన పొలంలో మల్బరీ పెట్టి, పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టాం. మా అల్లుడూ గని మనిషే. జార్ఖండ్‌లో ఇంకో గనిలో ఉద్యోగం దొరికి, మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్ళిపోయాడు. రెండు రోజుల రైలు ప్రయాణం, ఏటా రావడం వాళ్ళ వల్ల ఎక్కడవుతుంది?

ఒక వేసవిలో మా అమ్మాయి ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని పది రోజులకని వచ్చింది. పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. వాళ్ళ తెలుగులో సగం హిందీ. రాగిసంగటి చూసి మట్టిముద్ద అనుకుని బొమ్మలు చేశారు. మల్బరీ పండ్లు తిని నోళ్ళూ గౌన్లూ ఊదారంగు చేసుకున్నారు. సాయంకాలం వాళ్ళను చెరో భుజానా ఎక్కించుకుని తోట చుట్టూ తిరుగుతుంటే, నాకంటే భాగ్యవంతుడు జిల్లాలో లేడనిపించేది. అయితే వాళ్ళు దిగిన రోజే పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. జ్వరమంటే రోగం కాదు, తిండి మాని పడుకుని చర్మం మార్చుకోవడం. అది దాటాక వారం పైన ఒకటే మేత. అంతకుముందు రెండు పంటలు చచ్చిపోయాయి. ఈ పిల్లల ఒంటినిండా పౌడరు, దోమల క్రీము. ఆ వాసన తగిలితే పురుగు బతకదని నా భయం. అందుకని పురుగులింటి వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

“తాతా, ఒక్కసారి చూస్తా. ముట్టుకోను,” అని పెద్దది రోజూ వచ్చేది.

“పురుగు పండినంక చూపిస్తానమ్మా. ఇంగ కొన్ని దినాలే.”

“పసిబిడ్డ చూస్తే ఏమయితాది?” అనేది మా ఆవిడ.

“రెండు పంటలు పోయింది మరిచిపోతివా?” అని కసురుకునేవాణ్ణి.

పురుగులు పండడం మొదలైన పదో రోజునే వాళ్ళను బంగారపేటలో రైలెక్కించి వచ్చాను. ఆ రోజు పిల్ల పురుగుల్ని చూపించమని అడగలేదు. మరిచిపోయిందిలే అనుకుని నా మనసు తేలికపడింది. పంట మాత్రం ఊళ్ళో ఎవరికీ రానంత బాగా వచ్చింది. ఒక్కరినీ లోపలికి రానివ్వలేదు, అందుకే వచ్చిందని చాలా ఏళ్ళు కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. మా ఆవిడ పక్కనే ఉండి వినేది. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేది.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. మొన్న ఆదివారం ఆ పెద్దది ఫోన్లో అన్న మాట ఇది: “తాతా, ఆ చంద్రిక మీద మొదటి పురుగును నేనే పెట్టినాను. నువ్వు పొద్దున్నే ఆకు కోసేకి పోతానే అవ్వ నాకు నీళ్ళు పోసి, పౌడరు ఎయ్యకుండా లోపలికి పిలుచుకొని పోతా ఉండె. దినామూ.”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“తాతకు భయం జాస్తి, చెప్పొద్దనింది అవ్వ.”

లోపల ఏం చేసేవాళ్ళని అడిగాను. ఆకు పరిచేవాళ్ళట. పురుగులు మేస్తుంటే ఆ చప్పుడు వింటూ ఇద్దరూ మాట్లాడకుండా కూర్చునేవాళ్ళట. ఒకసారి పురుగు చేతిమీద పాకితే అవ్వ తనకంటే ఎక్కువ నవ్విందట. మా ఆవిడ అలా నవ్వడం నేను ఎన్నడూ వినలేదు. మరి తాత గురించి ఏం జ్ఞాపకముందమ్మా అని ఉండబట్టలేక అడిగాను. “వాకిట్లో స్టూలు ఏసుకోని కూర్చోని ఉంటివి కదా,” అంది ప్రేమగానే.

నా భయాన్ని కూడా నొప్పించకుండా చూసుకున్న మనిషి ముందు ఇన్నేళ్ళు గొప్పలు చెప్పుకున్నందుకు సిగ్గేసింది. క్షమించమని అడగడానికి ఆమె లేదు. చేతికొచ్చిన కాలం జారిపోయిందని బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను. మా ఇంట్లోనే గడిచిన ఆ పది ఉదయాలు మాత్రం నా చేతికి రానే లేదు.