మంచినీళ్లే పొయ్యి, ఉప్పెయ్యకు

“ఇగో, చేపల పెట్టెల నీళ్లు తగ్గినయ్. మంచినీళ్లే పొయ్యి, ఉప్పెయ్యకు.”

“నీ చేపలు, నీ నీళ్లు. నువ్వే పోసుకో పో. నాకు వంటనే తెమల్తలేదు.”

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆయన నవ్వి, టిఫిన్ డబ్బా అందుకుని, కంచన్‌బాగ్‌లో తను పనిచేసే లోహాల కార్ఖానాకు బయలుదేరాడు. అక్కడి గేటు దాకా కూడా చేరలేదు, దారిలోనే గుండె ఆగిపోయిందని గంట తిరక్కుండా కబురొచ్చింది.

నిన్న ఆయన సంవత్సరీకం. యాకుత్‌పురా నుంచి వచ్చిన చుట్టాలు భోజనాలయ్యాక పెట్టె ముందు నిలబడి, ఇదివరకు తొమ్మిది చేపలుండేవి కదా, మూడే ఉన్నాయేమిటని అడిగారు. మా తోటికోడలు కళ్లొత్తుకుంటూ, “బావ పోయిండని బెంగ పెట్టుకున్నయ్ పెద్దమ్మా, ఒక్కొక్కటే సచ్చిపోయినయ్” అని చెప్పింది. అందరూ అయ్యో అయ్యో అన్నారు. నేను తాంబూలాల పళ్లెం అక్కడే కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

అందుకే ఈ పొద్దున ఆమెనే పిలిచి, కాగితాలు ముందేసి, రాయమన్నాను. నేను రెండో తరగతి దాటనిదాన్ని, సంతకం తప్ప గీత రాదు. ఆమె డిగ్రీ చదివింది. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే ఆమె పుస్తకాల తెలుగులోకి దిద్దుతోంది. మాటలు దిద్దనీ, జరిగింది మాత్రం దిద్దనివ్వను.

అసలు హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లోకి ఆ పెట్టె వచ్చిన రోజు నుంచే నాకు దానిమీద మంట. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, గల్లీ ఇళ్లలో ఒక మంచం వేస్తే మనిషి నడవడానికి తోవ ఉండదు. అలాంటి ముందుగదిలోంచి నా కుట్టుమిషన్ తీయించి మేడమెట్ల కింద పెట్టించి, అక్కడ ఈయన సముద్రం తెచ్చి నిలబెట్టాడు. అందులో రాళ్లు, రాళ్లను పట్టుకుని పువ్వుల్లా విచ్చుకుని ముడుచుకునే పగడాలు, వాటి మధ్య బొటనవేలంత చేపలు తొమ్మిది. పచ్చవనుకుంటే నీలంగా, నీలమనుకుంటే పచ్చగా మెరిసేవి. ఒక్కటి చాలదా అని నేను సణిగితే, ఒంటరిదైతే భయంతోనే బక్కచిక్కుతుందని, గుంపులో ఉంటేనే ధైర్యంగా తింటుందని దుకాణం అతను చెప్పిన మాట నాకు అప్పజెప్పేవాడు. డ్యూటీ నుంచి వచ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంటే, తొమ్మిదీ ఒకేసారి ఇటు తిరిగేవి, ఒకేసారి అటు మళ్లేవి. ఎవరితోనూ లొల్లి లేదు వాటికి. లొల్లంతా నాదే.

నీళ్ల సంగతి మాత్రం చెప్పి చెప్పి నా చెవులకు చిల్లులు పొడిచాడు. ఉప్పునీళ్లలో నీళ్లే ఆవిరవుతాయట, ఉప్పు లోపలే ఉంటుందట. “పులుసు మరిగి దగ్గరపడ్తె ఉప్పెక్కదా? అప్పుడు నువ్వు నీళ్లు పోస్తవా, ఉప్పేస్తవా? గట్లనే” అన్నాడొకసారి. అంతే, నాకు తెలిసిపోయింది. వంట చేసే ఆడదానికి దానికో చదువు కావాలా?

తెలిసి కూడా ఆ రోజు పోయలేదు. పంతం. నా తప్పు కూడా రాయి చెల్లె, ఒక్క ముక్క తగ్గించకు.

తర్వాత నన్ను మూల కూర్చోబెట్టారు. లేవొద్దు, దేన్నీ ముట్టొద్దు. ఎదురుగా గాజు మీద నీటి గీత దిగడం చూస్తూ కూర్చున్నాను. రోజుకు వేలి మందాన దిగింది. పెట్టెలో నీళ్లు తిప్పే మోటారు గుడగుడమని గాలి తాగడం మొదలుపెట్టింది. అప్పుడు చూసుకుంది మా తోటికోడలు. సముద్రపు చేపలు కదా అని వంటింట్లోంచి ఉప్పు ప్యాకెట్ తెచ్చి, మూల కత్తిరించింది.

నేను అరిచాను. “ఉప్పెయ్యకు, మంచినీళ్లే పొయ్యి!” అని గొంతు చిరిగేలా అరిచాను. ఆ మాటలే చెప్పుకుని ఏడుస్తూ ఉన్నాను కదా అన్ని రోజులూ, ఇదీ ఆ ఏడుపే అనుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లు భుజాలు నొక్కి పట్టుకున్నారు. పాపం, మతి పోయింది అన్నారు. “నువ్వు ఊకో అక్కా, గామాత్రం నాకు తెల్వదా” అంది ఈమె. అని, ప్యాకెట్ మొత్తం పగడాల నెత్తిన గుమ్మరించింది.

కలం ఆపకు. రాయి.

పదకొండో రోజు స్నానం చేయించి నన్ను లేపేసరికి పగడాలు పాలిపోయి ఉన్నాయి, చచ్చిన ఆరు చేపలను చీపురుతో చేటలోకి ఎత్తి మోరీలో వేసేశారు. ఈమె చెడ్డది కాదు. ఆ పదిరోజులూ నాకు ముద్దలు కలిపి పెట్టింది ఈమే. తప్పయిందక్కా అని ఒక్కసారి అని ఉంటే నేను ఎన్నడో మరిచిపోయేదాన్ని. అనలేదు. చేపలకు బెంగ అంటగట్టి చేతులు దులుపుకుంది. నేను మూలనుంచి అరిస్తే పిచ్చి అయింది, ఈమె అబద్ధం చెబితే అందరికీ కళ్లనీళ్లు వచ్చాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నేనే నీళ్లు పోస్తున్నాను, గాజు మీద ఆయన గీసిన గీత దాకా, మంచినీళ్లే. పోసి, “పోసిన చూడు” అని ఆయనతో పైకే అంటాను. మిగిలిన మూడూ కలిసి తిరగవు. ఒక్కోటి ఒక్కో రాయి చాటున ఉంటుంది. ఆ తొమ్మిదీ ఒక్కసారిగా మళ్లడం నేను పనులాపి ఒక్కరోజైనా నిలబడి చూసింది లేదు. మిషన్ ఇంకా మెట్ల కిందే ఉంది. తెచ్చుకోబుద్ధి కాలేదు.

అయిపోయింది చెల్లె. ఇగ మొదటి నుంచి చదువు. రాసింది ఏందో నాకు తెల్వదు, నీ నోట ఇంటెనే తెలుస్తది. ఉప్పు ప్యాకెట్ కాడికి రాంగనే గొంతు తగ్గియ్యకు. చదువు.