వదిన ఎడమ చెవిలో ఈల

మా వదినకు మిల్లులో అందరూ కలిసి పెట్టిన పేరు సీఐడీ. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. కూరగాయల బండివాడు తక్కెడ ఎత్తితే ఆవిడ చూపు తక్కెడ మీద ఉండదు, అతని చిటికెన వేలి మీద ఉంటుంది. మా అన్నయ్యను చేసుకునే ముందు, అతను నిజంగా మిల్లులో ఫిట్టరేనా కాదా అని గేటు దగ్గర నిలబడి స్వయంగా ఆరా తీసిన మనిషి. అలాంటి ఆవిడకు ఆడపడుచునై, అదే మిల్లులో బట్ట మడతలు పెట్టే సెక్షన్‌లో పనిచేసి, ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చానంటే నా ఓర్పు సామాన్యమైంది కాదు. అన్నయ్య పోయాక కూడా మా రాకపోకలు తగ్గలేదు. పక్క వీధే కాబట్టి రోజూ ఒకసారి వెళ్ళి నాలుగు మాటలు అనిపించుకుని వస్తాను.

వదిన పనిచేసింది మరమగ్గాల షెడ్డులో. ఆ తలుపు తెరిస్తే చాలు, చప్పుడు మనిషిని వెనక్కి నెట్టేది. అన్ని మగ్గాల్లోనూ దారం మోసే నాడెలు ఒకేసారి అటూ ఇటూ కొట్టుకుంటుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతు వాడడమే మానేశారు. పెదవులు నిదానంగా, పెద్దగా కదిపి మాట్లాడుకునేవారు. దానికి కొంచెం చెయ్యి, కొంచెం కనుబొమ్మ తోడు. ఈ చివర మగ్గం దగ్గర నిలబడి ఆ చివర ఉన్నామెతో తోడికోడలి మీద చాడీలు చెప్పుకునేవారు. మధ్యలో తిరిగే మేస్త్రీకి ఒక్క ముక్క కూడా అందేది కాదు.

వదిన ఆ విద్యలో అందరినీ మించిపోయింది. మేనేజరు అద్దాల గదిలో కూర్చుని మేస్త్రీతో ఏమంటున్నాడో షెడ్డులోంచే చదివేసేది. ఎవరిని ఏ సెక్షన్‌కి మార్చబోతున్నారో మాకు ముందే తెలిసిపోయేది. దాంతో ఆవిడ మనసులో ఒక మాట స్థిరపడిపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళు మంచివాళ్ళు, వీపు తిప్పి మాట్లాడేవాళ్ళు ఏదో పన్నుతున్నవాళ్ళు. చెవుల్లో పెట్టుకోమని మిల్లువాళ్ళు మెత్తటి బిరడాలు ఇస్తే, ఇందులో వాళ్ళకేం లాభమో అని అటూ ఇటూ తిప్పి చూసి చెత్తబుట్టలో వేసింది. ఆ అనుమానం మాత్రం ఆవిడకు చాలా చేటు చేసింది.

మిల్లు పని మానేశాక కొడుకు దగ్గర ఉంటోంది. కొడుకు, అంటే నా మేనల్లుడు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకు వెళతారు. నాలుగేళ్ళ మనవరాలిని చూసుకోవడం వదిన పని. పని అని నేనంటున్నాను గానీ ఆవిడకు అది ప్రాణం. పొద్దున కోడలు చెప్పులు వేసుకోవడం ఆలస్యం, నానమ్మా మనవరాలూ కలిసి ఇల్లు పీకి పందిరి వేస్తారు. ఎవరి మాటా నమ్మని మనిషి ఆ పిల్ల ఏం చెప్పినా నమ్ముతుంది. గోడ మీద బల్లి తనను వెక్కిరించిందని చెబితే చీపురు తీసుకుని బయలుదేరుతుంది.

ఆ రోజుల్లోనే ఎడమ చెవిలో ఈల మొదలైంది. అది చెవిలో ఉందని ఆవిడ అనుకోలేదు. పైవాటా టైలరు పనే అనుకుంది.

"మిషన్‌కి కొత్త మోటారు పెట్టావా?" అని మెట్లెక్కి వెళ్ళి అడిగింది.

"లేదక్కా, కాలితో తొక్కేదే. చూడండి," అన్నాడతను.

ఆవిడ నిజంగానే వంగి బల్ల కింద చూసింది. తర్వాత ఈల ఫ్రిజ్‌లోంచి వస్తోందని, మీకు అమ్మినవాడే మాకూ దీన్ని అంటగట్టాడు కదా అని నా మీదికి వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం భవనం మొత్తానికి మెయిన్ ఆపేసి, మెట్ల దగ్గర చెవులు రిక్కించి నిలబడింది. అన్ని వాటాల్లోనూ ఫ్యాన్లు ఆగిపోయాయి, జనం బయటికొచ్చి విసుక్కున్నారు. ఈల మాత్రం ఆగలేదు.

"బ్యాటరీ మీద నడుపుతున్నాడే," అంది నాతో.

"కాలితో తొక్కే మిషన్‌కి బ్యాటరీ ఎందుకు వదినా?"

"అదే కదా మనం కనిపెట్టాల్సింది."

ఈలతో పాటు ఇంకో అనుమానం పెరిగింది. కోడలు గొంతు తగ్గించి మాట్లాడుతోందట. స్టవ్ వైపు తిరిగి ఏదో అంటుందట, ఏంటని అడిగితే ఏం లేదు అత్తయ్యా అంటుందట. వీధిలో అందరూ గొణగడం నేర్చుకున్నారట. నా మటుకు నేను ఎప్పటిలాగే మాట్లాడుతున్నాను, కానీ నన్ను కూడా ఆ జాబితాలో వేసేసింది.

ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకుందామని కోడలు అన్న రోజు వదిన తిన్నగా మా ఇంటికొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"దీని ఎత్తు నాకు అర్థమైంది. నన్ను చెవిటిదాన్ని చేసి, పాపని ఆఫీసు పక్కన క్రెష్‌లో పడేద్దామని చూస్తోంది. బాల్కనీలో నిలబడి అబ్బాయితో అంటోంది, నేను హాల్లోంచి చదివాను. అత్తయ్యకి వినపడకపోతే పాపని ఎలా వదలడం అంటోంది."

"అడిగిందాంట్లో తప్పేముంది?"

"నాకు వినపడుతుంది కాబట్టి తప్పే."

పాపని తీసుకుపోతే ఆ ఇంట్లో ఆవిడకు మిగిలేది నాలుగు గోడలు. అది తలుచుకుని నేను ఇంక వాదించలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఒప్పుకుంది. వెళ్ళనంటే అనుమానిస్తారని ఆవిడ భయం.

డాక్టరమ్మ ముందు చెవుల్లో లైటు వేసి చూసింది. ఎడమ చెవిలో గులిమి గట్టిపడి అడ్డంగా కూర్చుందని తీసేసింది. ఒక్కోసారి ఈలకూ వినపడకపోవడానికీ కారణం అదే అవుతుంది, అంతకంటే తేలిక జబ్బు లేదంది. వదిన తల పంకించింది గానీ ఈల అలాగే ఉంది. తర్వాత వినికిడి పరీక్షకు పంపారు. అద్దం కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. నన్ను, కోడలిని బయట బెంచీ మీద కూర్చోమన్నారు.

వయసును బట్టి చూస్తే బాగానే ఉందని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంత బాగా వినపడే మనిషికి ఒక్క చెవిలోనే ఈల ఎందుకు? నాకు నమ్మకంగా లేదమ్మా. మళ్ళీ ఒకసారి రండి," అంది.

వదిన సరేనంది. తిరిగి వెళ్ళలేదు. దారిలో గొప్పలు కూడా చెప్పుకోలేదు. గెలిచిన రోజున గొప్పలు చెప్పుకోకుండా ఉండగలిగే మనిషి కాదు మా వదిన. నాకు అక్కడే తేడా కొట్టింది. నీ సంగతేదో తేల్చుకుంటానని బెదిరించాను కూడా. ఆవిడ నవ్వి పాపకి జడ వేయడంలో మునిగిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు జరిగింది ఇది. నాకు టైలరు సగం చెప్పాడు, వదిన సగం చెప్పింది.

వదిన వంటింట్లో కిటికీ వైపు తిరిగి గిన్నెలు తోముతోంది, కుళాయి ధారగా పోతోంది. ఉన్నట్టుండి వెనక నీడ కదిలినట్టయి చూసేసరికి, పెరటి తలుపులోంచి వచ్చిన టైలరు హాల్లో అడ్డంగా పరుగెత్తుతున్నాడు. వదినకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళకు దొరికాడనుకుంది. గరిటె పట్టుకుని వెంటపడింది. అతను బాత్‌రూమ్ తలుపుకు భుజం ఆనించి గుద్దుతున్నాడు. ఆవిడ అతని వీపు మీద గరిటెతో ఒక్కటిచ్చింది. అతను దెబ్బను పట్టించుకోలేదు, ఇంకోసారి గుద్దాడు. లోపలి గడియ ఊడిపోయి తలుపు తెరుచుకుంది.

లోపల పాప నేల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. గడియ వేసుకుంది గానీ తీయడం చేతకాలేదు. తలుపు బాదిన చేతులు ఎర్రగా కమిలిపోయాయి. మిషన్ తొక్కుతున్న టైలరుకి పైవాటా దాకా వినపడింది ఆ ఏడుపు. కిందికొచ్చి వీధి తలుపు కొట్టి, పిలిచి, పలికే దిక్కు లేక పెరట్లోంచి వచ్చాడు.

వదిన పాపను దగ్గరికి తీసుకుని, "నన్నెందుకు పిలవలేదమ్మా?" అని అడిగింది.

పాప వెక్కిళ్ళ మధ్య, "పిలిచాను నానమ్మా. చాలాసేపు పిలిచాను," అంది.

ఆ మాట కూడా తను వినలేదని, పాప పెదవుల మీద చదివానని వదిన నాతో చెప్పి ఏడ్చింది. మా అన్నయ్య పోయినప్పుడు కూడా అంత ఏడుపు చూడలేదు నేను. అప్పుడు బయటపడింది పరీక్ష సంగతి. అద్దం అవతల కూర్చుని పరీక్ష చేసే అమ్మాయి చప్పుడు కోసం బొత్తాం నొక్కినప్పుడల్లా భుజం కొద్దిగా కదిలేదట. భుజం కదిలితే ఈవిడ చెయ్యెత్తేది. మాటలు తిరిగి చెప్పమన్నప్పుడు ఆ అమ్మాయి పెదవులు చదివి అప్పజెప్పేది. మగ్గాల షెడ్డులో బతికిన మనిషికి అదేం లెక్క.

నేను తిట్టాలనుకున్నవన్నీ తిట్టాను. మర్నాడు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టండి," అంది వదిన. అంతకు మించి ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. డాక్టరమ్మకు అర్థమైపోయింది.

ఈసారి నేను పరీక్ష చేసే అమ్మాయి వెనకే నిలబడ్డాను. ఆ అమ్మాయి బొత్తాం నొక్కింది. చప్పుడు పెంచి మళ్ళీ నొక్కింది. ఇంకా పెంచింది. వదిన చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. గోడకేసి చూస్తూ బుద్ధిగా కూర్చున్న ఆ వీపును చూస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. కుడి చెవి కొంత నయం. ఎడమ చెవి దాదాపు పోయినట్టే.

ఆ రోజు తెలిసింది, డాక్టరమ్మ మా వదినకంటే అనుమానపు మనిషి అని. దేన్నీ వదలకుండా కూపీ లాగింది. ఒక్కసారిగా పోయిందా, మెల్లగా తగ్గిందా అని అడిగింది. ఒక్కసారిగా పోతే గంటలు కూడా ఆలస్యం చేయకూడదట. తల తిరుగుతుందా, చెవి కారేదా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. చెవిలోపలి చిన్న ఎముక బిగుసుకుపోయినా వినికిడి తగ్గుతుందట, దానికి ఆపరేషన్ ఉందట. బీపీ, షుగరు, థైరాయిడ్ చూడాలంది. ఏం మాత్రలు మింగుతున్నావంటే వదిన సంచీలోంచి మోకాళ్ళ నొప్పుల మాత్రలు తీసింది. ఒకటి వేసుకోమంటే రెండు వేసుకుంటోందట, ఒకటే రాసిన డాక్టరు మీద నమ్మకం లేక. కొన్ని నొప్పి మాత్రలు ఎక్కువైతే చెవిలో హోరు పుట్టిస్తాయని చెప్పి డాక్టరమ్మ వాటిని మార్చింది.

"ఇక మీ మగ్గాలు. అంత చప్పుడులో ఏళ్ళ తరబడి ఉంటే చెవి లోపలి సన్నటి కణాలు చచ్చిపోతాయి. మళ్ళీ పుట్టవు. అసలు దొంగ అదే అనుకుంటున్నాను. కానీ చప్పుడు వల్ల అయితే సాధారణంగా రెండు చెవులూ ఇంచుమించు ఒకేలా పోవాలి. మీకు ఎడమది బాగా ఎక్కువ. వినికిడి నరం మీద చిన్న గడ్డ ఉన్నా ఇలాగే ఉంటుంది. అది మామూలుగా క్యాన్సర్ కాదు, కానీ లేదని తేల్చుకోవాలి. స్కాన్ తీయిద్దాం."

స్కాన్ మిషన్ లోపల డబడబా మోగుతుందని చెవుల్లో బిరడాలు పెట్టారు. వదిన ఈసారి వాటిని తిప్పి చూడకుండా పెట్టుకుంది. గడ్డ లేదని తేలింది. మగ్గాల చప్పుడే ప్రధాన కారణమని, ఎడమ చెవి ఎందుకు ముందు పోయిందో కచ్చితంగా చెప్పలేనని, దాని మీద ఒక కన్నేసి ఉంచుతానని డాక్టరమ్మ అంది. పోయిన వినికిడి రాదు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు మెరుగ్గా అందుతాయి, ఈల కూడా కొంత మరుగున పడుతుంది. చెవి కొలత తీసుకున్నారు, తయారై రావడానికి కొంత సమయం పడుతుందన్నారు.

ఇంటికొచ్చాక వదిన కోడలిని ఎదురుగా కూర్చోమంది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొదటిసారి పరీక్షలో మోసం చేశాను. నాకు వినపడదు. పాప గంటసేపు ఏడ్చినా నాకు తెలీదు. నువ్వనుకున్న క్రెష్‌లోనే చేర్పించు."

కోడలు తన పెదవులు ఆవిడకు కనపడేలా మొహం ఎత్తింది.

"నాకు ఎప్పట్నుంచో అనుమానంగానే ఉంది అత్తయ్యా. అడిగితే పాపని లాక్కోవడానికే అంటున్నాననుకుంటారని ఊరుకున్నాను."

"అనుకునేదాన్నే," అంది వదిన.

పాప క్రెష్‌కి వెళ్ళిన మొదటి రోజు మధ్యాహ్నం నేను వెళ్ళాను. టీవీ గట్టిగా పెట్టి ఉంది, ఆవిడ దాన్ని చూడడం లేదు. మాసిన బొమ్మల బట్టలు ఉతికి ఆరేసింది. చిన్న కంచం కడిగి బోర్లించింది. చేయడానికి ఇంకేం దొరకలేదో ఏమో, మంచం అంచున కూర్చుని ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది. నేను ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"ఏం వదినా, ఎక్కువైందా?" అన్నాను పెదవులు పెద్దగా కదిపి.

"మాత్రలు మార్చాక కొంచెం తగ్గిందే అనుకున్నాను," అంది. "పాప ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇది ఇంతగా మోగేది కాదు."