మామిడికాయకు బటనెందుకప్పా?

పెళ్ళిచూపులకని బయల్దేరి పోలీసు స్టేషన్లో తేలిన పెళ్ళికొడుకును మీరెప్పుడైనా చూశారా? లేదంటే నన్ను చూడండి. ఆ ఘనకార్యం నాదే.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. నాకైతే మీసమే సరిగ్గా మొలవలేదు. అందుకే బద్వేలులో పిల్లను చూడబోయే ముందు, కాస్త మొనగాడిలా కనిపించాలని రాయచోటి సంతలో ఒక బటన్ చాకు కొన్నాను. నొక్కితే టక్కున నాలుక చాపే రకం. అద్దం ముందు నిలబడి నొక్కి చూసుకున్నాను. నొక్కిన ప్రతిసారీ నేనే ఉలిక్కిపడ్డాను.

అది ఎన్నికల కాలం. బద్వేలు పొలిమేరలో బస్సు ఆపి తనిఖీ చేస్తున్నారు. నా జేబు తడిమిన కానిస్టేబులు, గాలానికి వాలుగ చేప తగిలినవాడిలా వెలిగిపోయాడు.

"ఏమప్పా, ఇదేంది?"

"మామిడికాయలు కోసుకునేకి సార్."

"మామిడికాయకు బటనెందుకప్పా?"

ఖాళీ జేబుల్లో మామిడికాయ కోసం వెతికినట్టు నటించాను.

స్టేషన్లో ఎస్సై చాకును బల్లమీద పెట్టాడు. "కూరగాయల కత్తి వేరు, ఇది వేరు. ఇట్లాంటిది జేబులో పెట్టుకోని తిరిగితే కేసు, తెలుసునా? ఏ వర్గమోడివి నువ్వు?"

అప్పటికే పిల్లవాళ్ళింటికి చేరుకున్న మా పెదనాన్నకు ఫోన్ చేశాను. పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే పిల్ల తండ్రి! నేల చీలి నన్ను మింగితే బాగుండనిపించింది. కడప నేలకు బీటలకేం కొదవ? కానీ మనిషి పట్టేది ఒక్కటీ కనబడలేదు.

"సార్, వీడు రౌడీ యాడ?" పెదనాన్న అందుకున్నాడు. "కోడిని కోస్తాంటే ఇంటెనక దాంకుంటాడు. సూది మందంటే ఆస్పత్రి గేటు కాడనే పడిపోతాడు. గోడమీద బల్లి ఉండాదని స్నానం మానేస్తాడు!"

"సాలు పెదనాయనా!"

"నువ్వుండ్రా, ఇంకా శానా ఉండాది!"

ఎస్సై నవ్వాపుకోలేక, చాకు జప్తు చేసుకుని, గట్టిగా హెచ్చరించి వదిలేశాడు.

బయటికొచ్చాక పిల్ల తండ్రి ముఖం చూడలేక తల దించుకున్నాను. ఆయన మా పెదనాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కత్తులు పట్టే ఇంటికి నా బిడ్డనీయకూడదని ఊరూరా తిరిగినానప్పా. ఇంత పిరికోడు యాడా దొరకల్యా. ముహూర్తం పెట్టుకుందాం!"

పెదనాన్న ఇప్పుడు లేడు. నా పరువును అంత ప్రేమగా తీసేవాళ్ళు మళ్ళీ దొరకలేదు. ఆయన మీద ఒట్టేసి మీ ముందు ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక కత్తి పట్టను, ఉల్లిగడ్డలు కోయడానికైనా సరే. మా ఆవిడ దీన్ని సోమరితనం అంటుంది. నేను చట్టమంటే గౌరవం అంటాను.