మోకాళ్లకు రాసిన విస్కీ

"మామ పోయిండు బిడ్డా. చాయ్ గిన్నె పొయ్యి మీదనే మాడిపోయిందట," అని అమ్మ ప్రాణహిత అవతలి సిరొంచ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. ఆయన ఒక్కడే ఉండేవాడు. మాడిన వాసన పట్టి పక్కింటివాళ్లు వచ్చేసరికి చాలాసేపైందట. ఆ చాలాసేపు ఎంతసేపు అన్నది ఎవరినీ అడగలేకపోయాను.

మీకు ఆయన తెలియదు. మా అమ్మకు తమ్ముడు. తరాలుగా కూలికి పోయిన మా ఇళ్లలో మొదటి సర్కారు కొలువు ఆయనదే. మరాఠీ శాళలో శిపాయి, అంటే బడిగంట కొట్టేవాడు. రిటైరయ్యాక కూడా పదిన్నర కాగానే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. "ఏంది మామా?" అంటే, "ఏం లేదు, కాళ్లు లేస్తయి," అనేవాడు. అత్త ముందే పోయింది. పిల్లలు లేరు.

పెర్మిలిలో ఆయనకొక గోండు దోస్తు ఉండేవాడు. నెలకోసారి బస్సెక్కి వచ్చేవాడు, సంచిలో ఇప్పసారా ఉండేది. మాది మద్యనిషేధం ఉన్న జిల్లా అని ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదేమో. సాయంత్రం అరుగు మీద రెండు స్టీలు గ్లాసులు. ముందు పెద్దల పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు పోసి, అప్పుడు తాగేవారు. దోస్తు రాని నెల మామ ముట్టేవాడు కాదు. "ఒక్కన్నే కూసోని తాగుడు నాకు రాదు," అనేవాడు. ఆ దోస్తు పోయాడని అమ్మ చెప్పినప్పుడు "అయ్యో" అన్నాను, మరిచిపోయాను.

నాకు జీతం పెరిగింది. మామ కోసం ఖరీదైన విస్కీ ఒకటి కొన్నాను. ప్రాణహిత వంతెన దాటాక బండ్లు ఆపి వెతుకుతారు కదా, నా తెలివితేటలు ఉపయోగించి దాన్ని కడిగిన నొప్పుల తైలం సీసాలోకి ఒంపాను. ఊరు చేరేసరికి తిరుగు బస్సుకు అరగంటే ఉంది. సీసా మామ చేతిలో పెట్టి, "మస్తు మంచిది మామా, జర జర వాడుకో," అని చెప్పి పరుగెత్తాను.

నెల తర్వాత ఫోన్ చేశాడు. "అల్లుడా, నువ్విచ్చిన తైలం మంచిగ పన్జేస్తుంది. రోజూ మోకాళ్లకు రాస్తున్న. జర వాసనొస్తది గని."

సంగతి చెప్పి ధర కూడా చెప్పాను.

"గంత ధరనా? దాంట్ల ఏముంటదిరా?"

"పన్నెండేండ్లు కట్టె పీపాల ఉంచుతరు మామా."

"పన్నెండేండ్లు చీకట్ల ఒక్కటే పడి ఉంటదా? పాపం." నవ్వాడు. "ఇంక సగముంది. నువ్వొస్తే తాగుదం. గా ధర దానికి తగునో తగదో ఇద్దరం కూసుంటెనే తెలుస్తది."

"వస్త మామా," అన్నాను.

పోలేదు. ఏడాదిన్నర పోలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎప్పుడొస్తున్నవ్?" అనేవాడు, నేను వచ్చే నెల అనేవాణ్ణి. మోకాళ్ల కథ మాత్రం ఆఫీసు పార్టీల్లో ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో. అక్కడ అందరూ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పొగ వాసన, పళ్ల వాసన అంటారు. నేనూ అంటాను. నిజానికి నాకెప్పుడూ ఏ వాసనా తెలియలేదు. ఆ మాట చెప్పుకోగలిగిన మనిషి మామ ఒక్కడే, ఆయన దగ్గరికి పోవడానికే నాకు తీరలేదు. సిగ్గుగా ఉంది.

మూడోరోజు ఏటి ఒడ్డున మామ పేర పిట్టకు పెట్టాం. విస్తరాకులో అన్నం, కోడికూర, పక్కన దొప్పలో నేను తెచ్చిన విస్కీ. ఈసారి అసలు సీసాలోనే తెచ్చాను, ఎవరూ ఆపలేదు. కాకి రాలేదు. పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోతే రాదంటారు. అమ్మ దండం పెట్టి, "తమ్మీ, మేమంత మంచిగున్నం, నువ్వు పరేషాన్ గాకు," అంది. రాలేదు. అందరూ నా వైపు చూశారు.

"మామా, వచ్చిన," అన్నాను. అప్పుడూ రాలేదు.

ఎండెక్కింది. ఒక్కొక్కరే స్నానాలకు లేచారు. "లే బిడ్డా," అంది అమ్మ. "మీరు నడువుండ్రి," అన్నాను. ఇంకో దొప్పలో పోసుకుని తాగాను. గొంతు మండింది, అంతే. ధరకు తగ్గట్టు ఉందో లేదో నాకు తెలియలేదు. ఆయన దొప్పలోది ఎండకు మెల్లగా తగ్గుతోంది. ఏటి మీది గాలికి విస్తరాకు అంచు లేస్తుంటే చేత్తో అదిమి పట్టుకుని అలాగే కూర్చున్నాను.