అక్క తోమని రాగి నాణేలు

బావ దాచుకున్న రాగి నాణేలను మా అక్క చింతపండుతో తోమి పాడుచేసిందని మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. తోమింది నేను.

ఎనభైల మొదట్లో తిరుత్తణిలో, అక్కావాళ్ళింట్లో ఉండి మగ్గం నేసేవాణ్ణి. మగ్గం గుంటలోంచి పైకొస్తే బావకు నాణేలే లోకం. పదకొండు పాత రాగి నాణేలు బిస్కెట్ డబ్బాలో ఉండేవి. తిరువళ్ళూరులో నాణేలు సేకరించే పెద్దాయన ఒకరు ఆడికృత్తిక పండగకు వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే తమ ప్రదర్శనలో బావ పేరు రాసి పెడతానన్నాడు. రేషన్ కార్డులో తప్ప బావ పేరు ఎక్కడా రాసి ఉండగా మేము చూడలేదు.

పండగ ముందురోజు అక్క చింతపండుతో ఇత్తడి సామాన్లు తోముతోంది. ఆ మెరుపు చూశాక నాకు డబ్బా గుర్తొచ్చింది. పెద్దాయన ముందు నల్ల నాణేలు పెడితే బావకు పరువుతక్కువ అనిపించింది. అక్క కొళాయికి వెళ్ళగానే మిగిలిన చింతపండుకు ఇంత ముగ్గుపిండి కలిపి పదకొండూ తోమేశాను. ఒకదాని మీద రాజు ముక్కు కూడా పోయింది.

పెద్దాయన డబ్బా తెరిచాడు. వెంటనే మూశాడు.

"ఎవురయ్యా తోమింది? ఆ నలుపే కదయ్యా దాని వయసు! దుమ్ముంటే నీళ్ళలో ముంచి మెత్తటి గుడ్డతో అద్దల్ల. రుద్దనే కూడదు."

కాఫీ తాగి వెళ్ళిపోయాడు. బావ డబ్బా వాసన చూసి నేరుగా వంటింట్లోకి పోయాడు.

"ఏమే, నా నాణేలు దీపం కుందులనుకుంటివా?"

"నేను ముట్టనే లేదు సామీ!"

"మరి చింతపండు దానంతట అదే నడిచిపోయినాదా?"

నేను గోడవైపు తిరిగి భక్తిగా విబూది పెట్టుకుంటున్నాను.

ఆర్నెల్లు బావ ఇంట్లోకి చింతపండు రానివ్వలేదు. అక్క నిమ్మకాయ రసం పెట్టేది. నేను మారు వడ్డించుకునేవాణ్ణి. ఆ తర్వాత ప్రతి పెళ్ళిలోనూ "మా ఆవిడ నాణేలతో రసం పెడతాది" అని బావ అనడం, అందరూ నవ్వడం, అక్క తలొంచుకోవడం. ఇరవై ఏళ్ళు. నేనూ నవ్వాను.

మొన్న మేనకోడలి పెళ్ళిలో కొత్త వియ్యపురాలు, "నాణేల రసం మీదేనా వదినా?" అని అక్కను అడిగింది. చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాను. పంక్తిలోనే అందరి ముందూ చెప్పేశాను.

"ఇన్నేండ్లుగా చెప్తాండే కథరా. ఇప్పుడు మార్చమంటే ఎట్ల?" అన్నాడు బావ.

అక్క నావైపు చూసింది. "రాజు ముక్కు అరిగేలా తోమేది వచ్చుండి, అన్ని పండగలకూ సామాన్లంతా నాచేత తోమించినావా?"

ఈ ఆడికృత్తికకు అక్క నన్ను పిలిచింది. వెళ్ళేసరికి పెరట్లో ఇత్తడంతా పోగేసి ఉంది, పక్కనే చింతపండు, పీట. కాస్త దూరంలో కుర్చీ మీద వియ్యపురాలు. చూడడానికి ఆవిణ్ణీ పిలిచింది.