గోల్ కొట్టనివాడి చొక్కా

మా అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్ టీములో మూడేళ్లు ఆడాడు. ఆ మూడేళ్లలో వాడు కొట్టిన గోల్ ఒక్కటే. అది కూడా పొరపాటున తమ సొంత గోల్‌లోకే పోయింది. అంటే వాడి లెక్క మైనస్ ఒకటి. అయినా వాడు పోయిన తర్వాత కాలేజీ వాళ్లు వాడి చొక్కాను అద్దం ఫ్రేములో పెట్టి గోడకు తగిలించి, కింద ఇంగ్లీషులో ‘లెజెండ్’ అని రాశారు.

నేను లెక్కల మీద బతికేవాణ్ణి. చదివింది పదో తరగతి. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఇనుము కట్టే పనికి మస్కట్ వచ్చాను. సైట్‌లో డ్రాయింగులు చూస్తూ చూస్తూ ఏ స్లాబుకు ఎంత ఇనుము పడుతుందో నాకు నేనే నేర్చుకున్నాను. రాడ్డు మందాన్ని దానితోనే గుణించి నూట అరవై రెండుతో భాగిస్తే మీటరు బరువు వస్తుందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు మస్కట్‌కు రెండు గంటల దూరంలో ఉన్న సోహార్‌లో ఆఫీసులో కూర్చుని అదే పని చేస్తున్నాను. వారమంతా అక్కడ రూమ్‌లో ఉంటాను, సెలవులకు మస్కట్ వాదీ కబీర్ పేటలోని మా ఫ్లాటుకు వస్తాను. మ్యాచులన్నీ పని రోజుల్లోనే ఉండేవి కాబట్టి ఒక్కటీ చూడలేదు. ఫోన్‌లో మాత్రం అడిగేవాణ్ణి.

“ఎన్ని కొట్టినవ్‌రా?”

“నేను డిఫెండర్ డాడీ. కొట్టేది నేను కాదు, కొట్టనియ్యకపోవుడు నా పని.”

“మరి కొట్టనియ్యనివి ఎన్ని?”

“అవెవరు లెక్క పెడ్తరు?” అని నవ్వేవాడు.

నిరుడు ఒక సాయంత్రం ప్రాక్టీసు ముగించుకుని కాలేజీ ఉన్న అల్ హైల్ దగ్గర రోడ్డు దాటుతుంటే కారు తగిలింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. మేము వాణ్ణి మా ఊరికి తీసుకుపోయి కార్యం చేశాం. దినాలు అయిపోయాక మా వదిన నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

“పోయినోని బట్టలు ఇంట్ల ఉంచద్దమ్మా. ఉంచితే వాని పానం ఇంటి సుట్టే తిరుగుతది. అక్కడికి పోంగనే అన్ని తీసెయ్యి.”

నా భార్య చెప్పింది చెప్పినట్టు చేసింది. మస్కట్ తిరిగొచ్చిన మర్నాడే వాడి ప్యాంట్లు, బనియన్లు, బూట్లు, దుప్పటి, చివరికి స్నానం చేశాక తుడుచుకునే తువ్వాలుతో సహా సంచుల్లో కట్టి, వీధి చివర పాత బట్టలు వేసే డబ్బాలో వేసి వచ్చింది. నేను మోస్తానంటే ఒప్పుకోలేదు. వాడికి మంచి జరగాలని చేసింది.

నెల తిరగకముందే ఆ ఇల్లు ఆమెను తినడం మొదలుపెట్టింది. వాడి అలమర తీసి ఖాళీ అరల ముందు నిలబడేది. “ఒక్కటి దాసుకుంటే ఏమయ్యేదయ్యా? ఒక్క అంగి,” అనేది.

చొక్కా సంగతి మాకు కాలేజీ వాళ్లు పంపిన ఫొటో వల్ల తెలిసింది. టీము చొక్కాలను కాలేజీలోనే ఉతికి అక్కడే ఉంచుతారట. అందుకే వాడిది అక్కడ మిగిలింది. ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఆమెకు అదే ధ్యాస.

“అది మన ఇంట్లది కాదు గద. మనం ఉంచుకున్నట్టు కాదు. వాళ్లు ఇస్తే తెచ్చుకున్నట్టు,” అంది. తర్వాత అడిగింది. “ఇస్తరా? నువ్వు అడుగుతవా?”

అడుగుతానన్నాను. ఆమె ఆ మధ్యకాలంలో నన్ను అడిగింది అదొక్కటే.

ఒక గురువారం సోహార్ నుంచి కొంచెం ముందే బయలుదేరి కాలేజీకి వెళ్లాను. కెప్టెన్, గోల్‌కీపర్ వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయారు. కెప్టెన్ ఒమానీ కుర్రాడు. వాళ్ల వీధి కిరాణా కొట్టులో నేర్చుకున్న హిందీ మాట్లాడతాడు. గోల్‌కీపర్‌ది మస్కట్‌లోనే స్థిరపడ్డ పాకిస్తానీ కుటుంబం. మా మాటలన్నీ హిందీలోనే జరిగాయి.

బట్టలు మార్చుకునే గది బయట గోడకు ఉంది చొక్కా. ఆకుపచ్చ రంగు, నాలుగో నంబరు. మేం నిలబడి ఉండగానే ఇద్దరు కుర్రాళ్లు గ్రౌండ్‌లోకి పరుగెడుతూ అద్దాన్ని అరచేత్తో తాకి పోయారు. అద్దం నిండా వేలిముద్రలే.

అడగవలసింది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకోటి.

“మీలో ఎక్కువ గోల్స్ కొట్టిందెవరు?”

“నేనే అంకుల్,” అన్నాడు కెప్టెన్.

“మరి నీ చొక్కా ఏది?”

గోల్‌కీపర్ అందుకున్నాడు. “దాన్ని వాళ్లమ్మ నేల తుడవడానికి అడిగింది అంకుల్. బేరం కుదరలేదు.”

“నువ్వు మాట్లాడకు. ఒకే మ్యాచులో ఆరు వదిలేసిన మొహం నీది.”

“ఆరు కాదు, అయిదు. ఒకటి ఆఫ్‌సైడ్.”

నేనూ నవ్వాను. తర్వాత నా సందేహం అడిగాను. వాడు గోల్ కొట్టలేదు. పెద్ద కప్పు గెలిచిన టీము కూడా కాదు మీది. మరి ఏం చూసి లెజెండ్ అని రాశారు?

గోల్‌కీపర్ చెప్పాడు. “వాడు సొంత గోల్ కొట్టిన మ్యాచ్ తెలుసా అంకుల్? తలతో నాకు ఇవ్వబోయాడు, నేను అప్పటికే ముందుకొచ్చేశా. బంతి నా నెత్తి మీంచి లోపల పడింది. అవతలి కాలేజీ వాళ్లు వాడి నంబరు పట్టి పిలుస్తూ చప్పట్లు కొడుతున్నారు. అలాంటప్పుడు ఎవడైనా బంతి తన వైపు రాకూడదని దాక్కుంటాడు. నేనైతే దాక్కునేవాణ్ణి. వీడు ఆట మళ్లీ మొదలవగానే ‘ఉన్నా, ఉన్నా’ అని అరవడం మొదలుపెట్టాడు. బంతి నాకే ఇవ్వండి అన్నట్టు.”

“ఆ మ్యాచ్ గెలిచారా?”

“లేదు. ఒకటి సున్నా. ఆ ఒకటీ మనవాడిదే.”

కెప్టెన్ మిగతాది చెప్పాడు. కాలి దగ్గర బంతి ఉన్నవాడికి వెనక ఏముందో కనబడదు. ఎవరో ఒకరు అరిచి చెప్పాలి. అందరూ అప్పుడప్పుడు చెబుతారు. వీడు ప్రతిసారీ చెప్పేవాడు. వర్షంలో, ఓడిపోతున్నప్పుడు, కాలు పట్టేసి కుంటుతున్నప్పుడు కూడా. ఆ గొంతు వినబడితే తిరిగి చూసే పని లేదు, గుడ్డిగా వెనక్కి తన్నితే వాడు అందుకునేవాడు. రెండో ఏడాదికి టీమంతా అదే మాట అరవడం నేర్చుకుంది. చొక్కాల మీద పేర్లు వేయించేటప్పుడు అందరూ కలిసి వాడికి ఆ మాటే వేయించారు.

అప్పుడు గమనించాను. ఫ్రేములో ఉన్నది చొక్కా వీపు. నంబరు పైన ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఉన్నా’ అని ఉంది.

నేను సోహార్ నుంచి ఫోన్ చేసి “ఇంట్ల ఉన్నవ్‌రా?” అంటే “ఉన్నా డాడీ” అనేవాడు. తల్లి వంటింట్లోంచి పిలిచినా అదే. ఇంట్లో రోజూ నలిగిన మాట. అది గోడ మీద చూస్తానని నేను అనుకోలేదు.

“అది మీ ఇంటిపేరే కదా అంకుల్?” అన్నాడు గోల్‌కీపర్.

“కాదు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు! వాళ్ల భాషలో ‘వెనక్కి ఇవ్వు’ అని అర్థం,” అన్నాడు కెప్టెన్. “అంతే కదా అంకుల్?”

ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. అసలు అర్థం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“అంతే,” అన్నాను.

చివరికి చొక్కా సంగతి అడిగాను. వాళ్లమ్మకు ఇంట్లో వాడిదంటూ ఏదీ మిగల్లేదని చెప్పాను. కెప్టెన్ ఒక్కసారి గోడ వైపు చూసి, వెంటనే తల ఊపాడు. “ఆంటీదే అంకుల్ అది. వచ్చే వారం మ్యాచ్ ఉంది, ఆంటీని తీసుకురండి. ఆట అయ్యాక మా చేతులతో ఇస్తాం.”

చొక్కా ఇస్తారని ఇంట్లో చెప్పినప్పుడు చాలా రోజుల తర్వాత ఆమె జడ సరిగ్గా వేసుకుంది. మ్యాచ్ రోజు నేను సెలవు పెట్టాను. సిమెంటు మెట్ల మీద పై వరుసలో కూర్చున్నాం. ఆమెకు ఆట మీద ధ్యాస లేదు, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఎప్పుడైపోతుందని అడుగుతోంది.

‘ఉన్నా’ గురించి మాత్రం నేను ఆమెకు చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలియలేదు.

ఆట మొదలైన కాసేపటికే వినబడింది. “ఉన్నా!”

ఆమె లేచి నిలబడింది. గొంతు వచ్చిన వైపు తిరిగింది. అక్కడ సన్నటి ఒమానీ కుర్రాడొకడు చెయ్యెత్తి పరుగెడుతున్నాడు.

“ఎవలు?”

“కొత్త పిల్లగాడు. మనోని జాగల ఆడుతున్నడు.”

“తెలుగోడా?”

“కాదు.”

“మరి మనోని మాట అంటున్నడేంది?”

కూర్చోబెట్టి చెప్పాను. చెబుతుండగానే ఇంకోసారి, ఈసారి ఇంకో గొంతు. మళ్లీ ఇంకొకటి. మెట్ల మీద కూర్చున్న అమ్మాయిలు, అబ్బాయిలు కూడా అందుకున్నారు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లం ఆ గ్రౌండ్ మొత్తం మీద మేమిద్దరమే. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది.

“అందరు ఉన్నా ఉన్నా అనవట్టిరి. ఏడున్నడు? ఏడున్నడయ్యా?” అంది. “ఆపమని చెప్పు. నీకు దండం పెడ్త.”

పోదామన్నాను. తల అడ్డంగా ఊపింది. చొక్కా కోసం వచ్చింది, తీసుకోకుండా కదలదు. ఆట ముగిసేదాకా చెవుల మీంచి చేతులు తీయలేదు.

మా కాలేజీ గెలిచింది. కుర్రాళ్లంతా చెమటలతో మా దగ్గరికి వచ్చారు. కెప్టెన్ ఫ్రేములోంచి తీసిన చొక్కాను మడత పెట్టి రెండు చేతులతో ఆమెకు అందించాడు. ఆమె గబుక్కున లాక్కుని మొహానికి అదుముకుంది. చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత మెల్లగా దించి నా వైపు చూసింది.

“సబ్బు వాసనే వస్తున్నది,” అంది. చిన్నపిల్ల ఫిర్యాదు చేసినట్టు ఉంది ఆ గొంతు.

గోల్‌కీపర్ ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, “మీవాడి మాట విన్నారా ఆంటీ? మేమందరం నేర్చుకున్నాం. వెనక్కి ఇవ్వు అని,” అన్నాడు.

“గా అర్థం ఎవలు చెప్పిండ్రు?” అన్నట్టు ఆమె నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె వాళ్ల వైపు తిరిగి తనకొచ్చిన హిందీలో చెప్పింది.

“మై హూ. ఉన్నా అంటే అది బేటా. నేనున్నా అని.”

గోల్‌కీపర్ గ్లోవ్స్ తీస్తున్నవాడు సగంలో ఆగిపోయాడు. కెప్టెన్ అడిగాడు. “మరి... ఇక అనొద్దా ఆంటీ?”

ఆమె చొక్కాను ఒళ్లో పరుచుకుని, ముడతలు లేకుండా చేత్తో సవరించి, వాళ్లు మడిచినట్టే తిరిగి మడిచింది. దాన్ని కెప్టెన్ చేతిలో పెట్టింది.

“అనుండ్రి,” అంది తెలుగులోనే. మళ్లీ హిందీలో, “అనండి బేటా. చొక్కా కూడా మీ దగ్గరే పెట్టుకోండి. నేను మాత్రం మళ్ల రాను.”

వాదీ కబీర్ చేరాక కారు దిగుతూ, “నన్ను మళ్ల అక్కడికి తోల్కపోకు,” అంది. సరేనన్నాను.

సోహార్ రోడ్డు ఆ గ్రౌండ్ పక్కనుంచే పోతుంది. ఒక్కోసారి సెలవయ్యాక ఆమెను నాతోపాటు సోహార్ తీసుకుపోతాను. గురువారం తిరిగొచ్చేటప్పటికి సరిగ్గా ప్రాక్టీసు వేళవుతుంది. గ్రౌండ్ వస్తుందనగా కారు అద్దాలు పైకెత్తుతాను. ఏసీ కోసమనుకుంటుందో, తెలిసే ఊరుకుంటుందో, ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.